రజతము - రూప్యము



వెండికి మన భాషలో మూడు పేళ్లు వాడుకలో నున్నవి. మొదటిది తేటతెలుగు మాట యగు వెండి. వెల్ల, వెన్నెల, వెన్న యను మాటలలో నున్న తెలుపే యిందులోను గలదు. తమిళులు దీనిని వెళ్లి యందురు. కన్నడిగులు బెళ్లి యందురు. రెండవది రజతము. ఇదియు తెలుపునే చెప్పును. లాటిను భాషలోని అర్జెంటుమ్ అను మాటయు, మన అర్జున శబ్దమును, ఈ రజతమును ఒక్క మూలమునుండియే పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మూడవది రూప్యము. దీని పుట్టుక వేఱు. రూపము గలది, అనగా ముద్ర వేయబడినది యని దాని యర్థము. పాణిని యీ మాటను సాధించుటకు అష్టాధ్యాయిలో నొక సూత్రమే చెప్పినాడు. మన రూపాయి యీ రూప్యమునకు బిడ్డయే.

మొదటి రెండు పేళ్లును ప్రకృతి యిచ్చిన గుణమునుబట్టి వచ్చినవి. మూడవది మనుష్యుడు వేసిన ముద్రనుబట్టి వచ్చినది. గుణము మాఱదు, ముద్ర మాఱును. ఈ భేదము తెలియకపోవుటచేత మన పల్లెలలో ఎన్నియో కుటుంబములు పూర్వము నష్టపడినవి, ఇప్పుడును నష్టపడుచున్నవి. ఇంటింట నొక పట్టీల జతయో, ఒక వెండిగిన్నెయో యుండనే యున్నది గనుక, నేడు నేను చెప్పబోవు విషయము మీకు పరాయిది కాదు.

మొదట గుణము. రసాయనశాస్త్రజ్ఞులు సమస్త వస్తువులను విడదీసి చూచి, ఇంక విడదీయుటకు వీలులేని వానికి మూలద్రవ్యములని పేరుపెట్టినారు. ఇత్తడి మూలద్రవ్యము కాదు, కంచు కాదు. వెండి మూలద్రవ్యము. దానిని ఎంత కాచినను, ఏ యామ్లములో కరగించినను, మరల తేర్చి తీసిన నది వెండియే. శాస్త్రజ్ఞుల పట్టికలో దాని సంఖ్య 47. ఆ పట్టికలో రాగి పైన, వెండి నడుమ, బంగారము క్రింద, మూడును ఒకే నిలువు వరుసలో నుండును. ఒక తల్లి బిడ్డలవలె వీనికి పోలికలు గలవు. మూడును మెత్తనివి, సుత్తెకు లొంగును, తీగకు సాగును. విద్యుత్తును, వేడిని ప్రసరింపజేయుటలో లోహము లన్నిటిలో వెండిదే మొదటి స్థానము. వెండిగ్లాసులో వేడిపాలు పోసినంతనే అంచు పెదవికి చుఱుక్కుమనుట కిదియే కారణము. ఇది 962 డిగ్రీల వేడికి కరగును. బంగారము 1064 డిగ్రీలకు, రాగి 1085 డిగ్రీలకు గాని కరగవు. కంసాలి కుంపటిలో, ఊదుగొట్టపు గాలితో, వెండి త్వరగా నీరగుచుండుట మీరు చూచియే యుందురు.

ఇంక వెండి నల్లబడుటనుగూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన దీనిచుట్టును అపోహలు చాలగా నున్నవి. పట్టీలు నల్లబడగానే సరకు కల్తీదని కొందఱందురు. పెట్టుకొన్నవారి యొంటివేడి యని కొందఱందురు. ఇనుమును త్రుప్పుపట్టించునది గాలిలోని ప్రాణవాయువు, తేమ. ఆ ప్రాణవాయువు వెండిని మామూలు వేడిలో ఏమియు జేయజాలదు. వెండికి పగవాడు గంధకము. కోడిగ్రుడ్డులో, ఉల్లిలో, వెల్లుల్లిలో, ఉన్నిలో, రబ్బరులో, బొగ్గుపొగలో, మురుగుకాలువల వాయువులో గంధక మున్నది. మన చెమటలోను స్వల్పముగా గలదు. అది తగిలినచో వెండిపై నల్లని పొఱ యేర్పడును. మేలిమి వెండియైనను దీనికి తప్పించుకొనలేదు. రాగి కలిసిన వెండి కొంచెము త్వరగా నల్లబడుట నిజమే. గాని నల్లదనమునుబట్టి కల్తీని నిర్ణయింపరాదు, తెల్లదనమునుబట్టి మేలిమిని నమ్మనురాదు. జర్మను సిల్వరని సంతలలో అమ్మెడి లోహము మిలమిల మెఱయుచుండును. అందు రాగి, తుత్తునాగము, నికెలు ఉన్నవి. వెండి పేరున నున్నదే గాని వస్తువులో ఒక్క రవ్వయైనను లేదు.

వెండిపళ్లెములో వడ్డించిన విషాన్నము వెంటనే పట్టువడునని రాజుల కథలలో వినుచుందుము. గంధకము కలిసిన విషమైనచో పళ్లెము నల్లబడవచ్చును. హరిదళము, మనశ్శిల యనునవి అట్టివి. కాని తెల్లపాషాణము శుద్ధమైనదైనచో దానిలో గంధకము లేదు. దానికి వెండి మాఱదు. కోడిగ్రుడ్డు కూరకు మాత్రము తప్పక మాఱును. ఆ రాజులు పళ్లెమును నమ్ముకొని యెన్ని నిర్దోషమైన కూరలను పాఱవేయించిరో, ఎన్ని విషములను భుజించిరో!

పొఱను పోగొట్టుటకు మన స్త్రీలు విభూతితోను, చింతపండుతోను, ముగ్గుపిండితోను రుద్దుదురు. గట్టి పొడితో రుద్దినపుడు పొఱతోబాటు వెండియు కొంత పోవును, చెక్కడపుపని అరిగిపోవును. ఇంతకంటె మేలైన యుపాయ మొకటి గలదు. వంటకు పనికిరాని పాత అల్యూమినియపు గిన్నెలో వేడినీరు పోసి, ఒక చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు వేసి, వెండివస్తువు గిన్నె అడుగునకు తగులునట్లు ఉంచవలెను. గంధకము వెండిని విడిచి అల్యూమినియమును పట్టుకొనును. అప్పుడు మురిగిన గ్రుడ్డువాసన కొంచెము రావచ్చును. నలుపైన వెండియే మరల తెలుపై నిలుచును గనుక తూకములో తఱుగు రాదు. రాళ్లు పొదిగిన నగలకును, లోపల లక్క నింపిన కడియములకును ఈ పద్ధతి పనికిరాదు.

భూమిలో వెండి కొన్నియెడల సహజరూపముననే దొరకును గాని, అది చాల అరుదు. ఎక్కువ భాగము సీసము, తుత్తునాగము, రాగి యనువాని ఖనిజములలో దాగియుండును. మన దేశపు వెండిలో అధికభాగము రాజస్థానములోని జావర్, దరీబా, రాంపురా ఆగూచా గనుల సీస తుత్తునాగ ఖనిజములనుండియే వచ్చుచున్నది. సీసమునుండి వెండిని విడదీయు మార్గము మిక్కిలి ప్రాచీనము. ఎముకల బూడిదతో చేసిన మూసలో సీసపుముద్దను గాలి తగులునట్లు కాచినచో, సీసము మృద్దారుశింగియై మూసలో నింకిపోవును. నడుమ వెండిపూస మిగులును. గ్రీసుదేశమున ఆథెన్సు నగరమువారు లారియను గనులలో సీసఖనిజమునుండియే వెండి తీసిరి. క్రీస్తుపూర్వము 483లో అచ్చట గొప్ప సిర బయటపడగా, ఆ వెండిని పౌరులు పంచుకొందమనిరి. థెమిస్టోక్లీసు అనువాడు వారిని ఒప్పించి దానితో యుద్ధనౌకలను కట్టించెను. మూడేండ్లకు వచ్చిన పారసీక నౌకాదళము సలామిస్ జలసంధిలో ఆ నౌకలచేతనే ఓడిపోయినది.

మన పెద్దలు వెండిని చూచిన చూపు కొంచెము చిత్రమైనది. కృష్ణయజుర్వేదపు తైత్తిరీయ సంహితలో నొక కథ గలదు. అసురులతో యుద్ధమునకు పోవుచు దేవతలు తమ ధనమును అగ్నియొద్ద దాచిరి. అగ్ని దానిపై నాశపడి పాఱిపోయెను. గెలిచి వచ్చిన దేవతలు వెంటబడి బలవంతముగా తీసికొనబోగా నతడు ఏడ్చెను. ఆ కన్నీరే వెండియైనది. అందుచేత యజ్ఞమున వెండిని దక్షిణగా నీయరాదనియు, ఇచ్చినవాని యింట ఏడాది తిరుగకమునుపే ఏడుపు వినబడుననియు చెప్పబడినది. మఱియొకప్రక్క మనుస్మృతి పితృదేవతలకు వెండిపాత్రలో జలమిచ్చుట మిక్కిలి శ్రేష్ఠమన్నది. దేవకార్యమునకు బంగారము, పితృకార్యమునకు వెండి యను ఏర్పాటు అట్లు నిలిచినది. బంగారము లక్ష్మీస్వరూపము గనుక కాలికి పెట్టుకొనరాదని కడియములు, పట్టీలు, మెట్టెలు వెండితో చేయించుకొనుట మన యాచారము. శిశువునకు ఉగ్గుగిన్నె వెండిది, మొలత్రాడు వెండిది. బంగారము అందని యింటను వెండి యందినది. నా దృష్టిలో వెండి గొప్పతనమంతయు నిందులోనే యున్నది: ఇది కూలివాని కాలికిని ఎక్కిన లోహము.

ఉగ్గుగిన్నె మాట వచ్చినది గనుక వైద్యముగూర్చి రెండు మాటలు చెప్పి ముందుకు సాగెదను. వెండినుండి అతిసూక్ష్మముగా వెలువడు అంశములు కొన్ని రోగక్రిములను చంపునని పరీక్షలలో తేలినది. జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున క్రేడే యను వైద్యుడు 1880లో అప్పుడే పుట్టిన శిశువుల కన్నులలో వెండి లవణపు నీటిబొట్టు వేయుట ప్రారంభించెను. తల్లినుండి సోకిన క్రిములచేత గ్రుడ్డివారు కావలసిన అసంఖ్యాక శిశువులు దానిచేత చూపు నిలుపుకొనిరి. కాలిన పుండ్లకు పూసెడి వెండి లేపనము ఇప్పటికిని వైద్యశాలలలో వాడుకలో నున్నది. అయితే ఇంతమాత్రమున వెండిని కడుపులోనికి పుచ్చుకొనుట మేలని తలంపరాదు. సర్వరోగనివారిణి యని వెండినీరు సీసాలలో నమ్మువారు గలరు. దానిని నెలలతరబడి త్రాగినవారి చర్మము నీలిబూడిదరంగునకు తిరుగును. ఆ రంగు మఱి పోదు.

ఇప్పటివఱకు రజతముగూర్చి చెప్పితిని. ఇంక రూప్యము.

మన గుంటూరు సీమలోని అమరావతిలో వేలకొలది పురాతన వెండినాణెములు దొరకినవి. సూర్యుడు, చెట్టు, కొండ మున్నగు గుర్తులను విడివిడి ముద్రలతో కొట్టిన చిన్నముక్కలవి. కౌటిల్యుని అర్థశాస్త్రములో టంకశాలాధికారి వెండినాణెమును చేయు విధానము చెప్పబడినది: పదునాఱు పాళ్లలో నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు సీసమో తగరమో ఇనుమో కలుపవలెనట. అనగా వెండి పదునొకండు పాళ్లు మాత్రమే. కల్తీ యని మనము దొంగవర్తకుని నిందింతుము గాని, నాణెములో రాగి కలుపుట రాజశాసనమే. మేలిమి వెండి మెత్తనిది. నాలుగుచేతులు మాఱగానే అరిగిపోవును. గట్టిదనమునకై కొంత కలుపక తప్పదు. ఎంత కలుపుదురను విషయముననే ప్రభువుల నీతి తెలియుచుండును.

1540 మొదలు 1545 వఱకు ఢిల్లీని ఏలిన షేర్‌షా సుమారు 178 గ్రెయిన్ల బరువున వెండి రూపాయిని వేయించెను. దక్షిణదేశమున చాలకాలము పెద్దనాణెము బంగారు వరహాయే. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్టణమున వర్తకస్థానము పెట్టినారు. మన నేతగాండ్ర వస్త్రములను కొనుటకు వారియొద్ద మనకు కావలసిన సరకు స్వల్పము. అందుచేత వెండి బంగారములను ఓడలలో తేక వారికి గతిలేకపోయెను. 1545లో దక్షిణ అమెరికాలోని పొటోసీ కొండలో బయటపడిన వెండి ఐరోపా చుట్టి మన తీరమునకు చేరుచుండెను. మన మగ్గము అట్లు లోకపు వెండిని లాగుకొన్నది.

తరువాత రాజ్యము వారి చేతికి పోయినది. నాణెమును వారిదే యైనది. 1835లో కంపెనీ తన రాజ్యమంతటికి ఒకే రూపాయిని నిర్ణయించెను. బరువు 180 గ్రెయిన్లు; అందు 165 గ్రెయిన్లు స్వచ్ఛమైన వెండి. ఇప్పటి లెక్కకు 11.66 గ్రాములలో 10.69 గ్రాములు. ఆ రూపాయి బరువే మనకు తులము. మన చెన్నరాజధాని తూకములలో మూడు తులములు పలము, నలువది పలములు వీసె, ఎనిమిది వీసెలు మణుగు. కావున 120 రూపాయలు తక్కెడలో వేసిన వీసె తూగును. రూపాయి సొమ్మును, తూనికరాయియు గూడ నైనది. రూపాయిని బండమీద కొట్టి మ్రోత విని పుచ్చుకొనుట మా పెద్దలకు అలవాటు. మ్రోతలో జీర యున్నచో తిరిగి యిచ్చివేసెడివారు.

ఆనాడు ముద్రకును వెండికిని మధ్య ద్వారము తెఱచియుండెను. ఎవరైనను వెండిని టంకశాలకు కొనిపోయి రూపాయలు కొట్టించుకొనవచ్చును. నూటికి 2 చొప్పున కూలి పుచ్చుకొనెడివారు. నూఱు తులముల మేలిమి వెండికి కూలి పోను సుమారు 107 రూపాయలు చేతికి వచ్చెడివి. చెన్నపట్టణపు టంకశాల 1869లో మూతబడినను, కలకత్తా బొంబాయి టంకశాలలకు వర్తకులు వెండిని పంపుచుండిరి. కావున రైతుభార్య కాలికడియము పేరునకు నగ, నిజమునకు రూపాయల మూట. పంట పండిన యేడు కొనుట, ఎండిన యేడు అమ్ముట. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత కఱవులో దక్షిణదేశపు పేదల వెండిసొమ్ములు రాశులుగా బొంబాయి టంకశాలకు చేరి కరగినవి. ఆ కరగిన వెండి గింజలై వచ్చి కొందఱి ప్రాణములను నిలిపినది.

ఇంతలో లోకమున వెండి వెల పడసాగెను. అమెరికాలోని నెవాడా సీమలో 1859లో గొప్ప వెండిగని బయటపడెను. 1871 తరువాత జర్మనీ వెండినాణెమును మాని బంగారుకు మాఱి, తన పాతవెండిని అమ్మివేసెను. ఇతర రాజ్యములును అదే దారి పట్టినవి. మన ప్రభుత్వము ఇంగ్లండునకు చెల్లింపవలసిన సొమ్ము బంగారుపౌనులలో నుండెను. పన్నులు వచ్చుట వెండిరూపాయలలో నుండెను. రూపాయి విలువ తగ్గినకొలది ప్రభుత్వమునకు లోటు పెరిగెను. అందుకు వారు చేసిన యుపాయమేమన, 1893 జూన్ 26వ తేదీన చట్టము చేసి టంకశాల తలుపులను ప్రజల వెండికి మూసివేసిరి. అటుపిమ్మట రూపాయలను కొట్టించుట ప్రభుత్వపు చిత్తమే.

దీని ఫలితమును జాగ్రత్తగా గమనింపుడు. రూపాయలు అరుదైనవి గనుక రూపాయి విలువ నిలిచి, 1898 నాటికి పదునాఱు పెన్నీలకు చేరెను. వెండి వెల మాత్రము పడుచునే యుండెను. 1902 చివరకు రూపాయిలోని వెండిని విడిగా అమ్మినచో ఎనిమిది అణాలే వచ్చుచుండెను. ముద్ర గలదానికి పదునాఱణాలు, ముద్ర లేనిదానికి ఎనిమిదణాలు. పన్ను కట్టవలసినది ముద్ర గలదానితో. రైతు ఇంట నున్నది ముద్ర లేనిది. కడియము బరువు తగ్గలేదు, వన్నె తగ్గలేదు, పెట్టె తాళము తీయబడలేదు. సగము సొమ్ము మాత్రము పోయినది. ప్రజల చేతిలోని వెండికి జరిగిన యీ నష్టమును దాదాభాయి నౌరోజీ 1898 నాటి ద్రవ్యవిచారణసంఘమునకు వ్రాసి నిరసించెను. ఆయన నిరసన తలుపులను తెఱవలేకపోయెను. ఆ రోజులలో కడియము తాకట్టుపెట్టిన రైతు షావుకారును తిట్టియుండును. తప్పు కొంత షావుకారుదే కావచ్చును గాని, అసలు దెబ్బ సిమ్లాకొండమీదినుండి వచ్చినది.

ప్రథమ ప్రపంచయుద్ధకాలమున చక్రము వెనుకకు తిరిగెను. వెండి వెల పెరిగి, నాణెమును కరగించుటయే లాభమగు స్థితి వచ్చెను. 1917లో నాణెములను కరగించుట నేరమని శాసించిరి. ఆ సంవత్సరముననే ఒక రూపాయి కాగితపునోటు పుట్టినది. 1918లో అమెరికా తన ఖజానాలోని వెండిడాలర్లను కరగించి ఇరువది కోట్ల ఔన్సుల వెండిని మన రూపాయల నిమిత్తమై పంపవలసి వచ్చెను. రెండవ యుద్ధము వచ్చినపుడు, 1940లో, రూపాయిలో వెండి నూటికి 50 పాళ్లకు తగ్గించిరి. తక్కినది రాగి, నికెలు, తుత్తునాగము. విక్టోరియా రాణి బొమ్మగల రూపాయలను ప్రభుత్వము వెనుకకు తీసికొన్నది. అయినను పల్లెజనులు వానిని కుండలలో పూడ్చి దాచుకొనిరి. ఈ విషయమున పల్లెజనుల తెలివికి నేను నమస్కరింతును. 1947లో రూపాయి పూర్తిగా నికెలుదైనది. నాటినుండి మన నిత్యవ్యవహారపు రూపాయికి వెండి యను పేరే మిగిలినది.

నైజాము రాష్ట్రమున నున్న మన తెలంగాణమువారికి రెండు రూపాయల చిక్కు ఉండెను. చార్మినారు బొమ్మగల హాలీసిక్కా ఒకటి, ఇంగ్లీషువారి కల్దారు ఒకటి. హాలీలో వెండి తక్కువ. ఆఱు కల్దార్లకు ఏడు హాలీలు. సరిహద్దు దాటి పశువును కొన్నవాడు బేరముతోబాటు ఈ లెక్కయు చూచుకొనవలసియుండెను. లంబాడీ స్త్రీలు రెండు రకముల రూపాయలను రంధ్రము చేసి దండలుగా గ్రుచ్చుకొనెడివారు. వారి మెడలో చరిత్రపాఠము వ్రేలాడుచుండెను.

ముద్రనుగూర్చి ఇంతగా చెప్పి, చేతిపనిని మఱచుట న్యాయము కాదు. కరీంనగరపు తీగపని మన గర్వకారణము. వెండిని కమ్మచ్చు కన్నములలోనుండి లాగి, వెండ్రుకవంటి తీగను తీసి, రెండు తీగలను మెలిపెట్టి, అణచి, ఆకులుగా పూవులుగా చుట్టి, చట్రములో కూర్చి, వెలిగారము చల్లి అతుకుదురు. పన్నీరుబుడ్డి, తమలపాకుపెట్టె, పళ్లెము దూదివలె తేలికగా కానవచ్చును. ఆ పనికి మేలిమి వెండియే కావలెను. కల్తీ యున్న తీగ తెగును. బీదరుపనివారి చమత్కారము ఇంకొక తీరుది. తుత్తునాగములో కొంచెము రాగి కలిపి పోత పోసిన పాత్రపై చెక్కి, గాడిలో వెండితీగను కొట్టి, కోటలోని మట్టిని నవాసాగరముతో కలిపి పూయుదురు. పాత్ర కాటుకవలె నల్లబడును. వెండి మాత్రము తెల్లగా నిలుచును. గంధకమునకు లొంగిన వెండి యీ మట్టికి లొంగదు.

ఇప్పటి కాలమున వెండికి క్రొత్త పనులు వచ్చినవి. నూఱేండ్లకు పైగా ఛాయాచిత్రములన్నియు వెండి లవణము పూసిన ఫలకములమీదనే నిలిచినవి. అంకెల కెమెరాలు వచ్చి ఆ పని చాలవఱకు తీసివేసినవి. దానికి మాఱుగా విద్యుత్పరికరములును, సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చు పలకలును వెండిని కోరుచున్నవి. పొలములో పంపును త్రిప్పెడి పలకమీద సన్నని గీతలు చూచియుందురు. అవి వెండివే. కావున నేడు వెండి వెలను నిర్ణయించునది పెండ్లిండ్ల కాలము మాత్రమే కాదు. దూరదేశపు కర్మాగారములు గూడ నిర్ణయించుచున్నవి. ఆ వెల మన చేతిలో లేదు. మన చేతిలో నున్నవి తూకమును, వన్నెయును.

కావున ఇంట చేసికొనదగిన పరీక్ష యొకటి చెప్పెదను. వెండి నీటికంటె పదిన్నర రెట్లు బరువు. ఒక వస్తువు గాలిలో 210 గ్రాములు తూగినదనుకొందము. దానిని సన్నని దారముతో కట్టి, గిన్నెనీటిలో పూర్తిగా మునుగునట్లు, అడుగునకు అంచులకు తగులకుండ వ్రేలాడదీసి తూచవలెను. మేలిమి వెండియైనచో 190 గ్రాములు తూగును. అనగా 20 గ్రాములు తగ్గును. జర్మను సిల్వరుగాని, వెండిపూత పూసిన ఇత్తడిగాని యైనచో 24 గ్రాములకు పైగా తగ్గును. నీటిబుడగలు పట్టుకొనినచో లెక్క తప్పును. వెండిలో అయిదవవంతు రాగి కలిసినను తేడా ముప్పాతిక గ్రామునకు లోపే గనుక, చిన్న కల్తీని ఈ పరీక్ష పట్టుకొనలేదు. బోలుకడియములో లక్కగాని సీసముగాని నింపినచో మోసపుచ్చును. పెద్ద మోసమును పట్టుటకు మాత్ర మిది చాలును.

క్రొత్తవస్తువు కొనునపుడు భారతీయ ప్రమాణసంస్థ ముద్రను అడుగుడు. దానిప్రక్క 925 అని యున్నచో వేయి పాళ్లలో 925 పాళ్లు వెండి యని యర్థము. రసీదుమీద బరువును, వన్నె సంఖ్యను, మజూరిని వేఱువేఱుగా వ్రాయించుకొనుడు. పాతనగలు మాఱ్చునపుడు ముందుగానే నూటికి ఇంత తఱుగని ఒప్పుకొనకుడు. అతుకులలో పెట్టెడి మాటులో రాగి, తుత్తునాగము ఉండును గనుక, అతుకులెక్కువైన నగలో తఱుగు ఎక్కువగుట న్యాయమే. అది ఎంతయో కరగించి చూచినగాని తెలియదు. మీ కన్నులయెదుటనే కరగించి, ముద్ద చల్లారిన పిమ్మట మరల తూచి, దాని వన్నెను కట్టించి, ఆ తూకముమీదనే లెక్క వేయుమనుడు.